నాలుక చప్పుళ్ల అనుకరణ పదాలు

నాలుక కొసను పళ్ల వెనక గాని అంగిలికి గాని ఆనించి, వెనక భాగంతో మెత్తని అంగిలిని మూసి, నడుమ చిక్కిన గాలిని పలుచన చేసి ఒక్కసారిగా వదిలితే పుట్టే చప్పుళ్లకు మాటల్లో కట్టిన రూపాలివి. దక్షిణాఫ్రికాలోని జులూ, షోసా భాషల్లో ఈ ధ్వనులు హల్లులే. తెలుగు అక్షరమాలలో వీటికి చోటు లేకున్నా, మాటల్లో వీటి పని తక్కువేమీ కాదు. నిరాశకు ‘ప్చ్’, జాలికి ‘చ్చొచ్చొచ్చొ’ అని రాస్తారు. ఆ రాత అసలు చప్పుడుకు దగ్గరి పోలిక మాత్రమే. నోరూరినప్పటి ‘లొట్ట’ అయితే ఏకంగా నామవాచకమైంది: మామిడికాయ ముక్కలేసిన నెల్లూరు చేపల పులుసు తలచుకుని లొట్టలేస్తారు. ఎడ్లను అదిలిస్తూ బండివాడు బుగ్గ పక్కన చేసే చప్పుడుకు మాత్రం నిలకడైన రాత లేదు. వ్యాకరణంలో ఇవి ధ్వన్యనుకరణాలు; ‘ప్చ్ అన్నాడు’ అన్నట్టు ఎక్కువగా ‘అను’ క్రియతో వాక్యంలో ఇముడుతాయి.