చెకుముకి పిస్తోలు మీద లేని పేరు

బ్రిటిష్ సైన్యపు పాత చెకుముకి పిస్తోళ్ళ వేలం జాబితా వొకటి యీ మధ్య నా చేతికి వచ్చింది. తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి తుపాకులతో పనేమిటని మిత్రులు నవ్వారు. అయితే, తాళపత్రప్రతిని పరిష్కరించేవాడు అక్షరం అక్షరం చూచినట్లే, యీ సేకర్తలు పిస్తోలు మీది ప్రతి ముద్రనూ చూస్తారు. ఆ శ్రద్ధను నేను గౌరవిస్తాను. నా పేచీ ఆ శ్రద్ధ ఆగిపోయే చోటును గురించి.

ఇనుపపలక మీద కిరీటం, దాని కింద జి.ఆర్. అనే రాజుగారి పొడి అక్షరాలు, పక్కన 'టవర్' అనే మాట. ఇవి సర్కారు సరుకుకు గుర్తులు. 1764 దాకా గుత్తేదారు పేరు, సంవత్సరం కూడా చెక్కేవారు, తరువాత మానివేశారు. అందుచేత పేరూ తేదీ వున్న పిస్తోలంటే సేకర్తలకు మోజు. కాని ఆ పేరు ఎవరిది? పని చేసినవాడిది కాదు, చేయించినవాడిది.

బర్మింగ్‌హామ్ ప్రాంతంలో గొట్టాన్ని వొకరు సాగగొట్టేవారు; నిప్పు రాల్చే యంత్రాన్ని మరొకరు ఆకురాయితో అరగదీసేవారు. ఆ భాగాలను ఆర్డ్‌నెన్స్ బోర్డు విడివిడిగా కొని, కొయ్యపిడికి బిగింపజేసేది. ఆ చేతుల జాడ, విప్పి చూస్తే, గొట్టం అడుగునో యంత్రం లోపలివైపునో కొట్టిన చిన్న గుర్తులలో మాత్రమే మిగిలింది. సేకర్త వాటినీ చూస్తాడు. అసలో నకిలీయో తేల్చుకొని ధర కడతాడు. చరిత్ర మొదలు కావలసిన చోట బేరం ముగుస్తుంది.

బర్మింగ్‌హామ్ తుపాకివర్తకుడు శామ్యూల్ గాల్టన్ యుద్ధాన్ని ఒప్పని క్వేకరు శాఖకు చెందినవాడు. ఆ కుటుంబపు తుపాకులు ఆఫ్రికా తీరానికి, బానిసల వర్తకానికి పోయాయి. శాఖవారు నిలదీస్తే, పన్ను కట్టే ప్రతివాడూ యుద్ధానికి తోడ్పడుతున్నవాడే కదా అని వాదించాడు. 1796లో ఆయనను వెలివేశారు. ఆ వాదనలో నిజం లేకపోలేదు. అయితే బాధ్యతను అందరికీ పంచినవాడు లాభాన్ని పంచలేదు.

ఈస్టిండియా కంపెనీ ఆయుధాల మీద మొదట హృదయాకారపు మూటగుర్తు, 1808 ప్రాంతం నుంచి సింహం గుర్తు వుండేవి. సరుకుమూట మీద వేసే ముద్రే తుపాకి మీదా పడింది. వర్తకానికీ దండయాత్రకూ వున్న చుట్టరికానికి యింతకన్న సాక్ష్యం అక్కరలేదు. పేష్కషు బకాయిల తగాదా ముదిరి, 1794 జూలై 10న పద్మనాభం వద్ద చినవిజయరామరాజు కంపెనీ సైన్యం చేతిలో కూలిపోయాడు. మనం ఆ రాజును తలుచుకుంటాం. ఆయనతో పడిపోయినవారందరి పేర్లు మనకూ తెలియవు. కనుక సేకర్తను ఆక్షేపించే ముందు మన పాఠాలనూ తరచి చూచుకోవాలి.

పిస్తోలును పారవేయమని నేననడం లేదు. విప్పి, లోపలి గుర్తులు ఎవరివని అడగమంటున్నాను.