బుడ్డల నూనె సబ్బు ఎందుకు గట్టిపడలేదు? మన చౌడు కథ

ముందు ఇది చూడండి. నా చేతిలో ఉన్నది సబ్బు. అంటే, సబ్బు అనుకుని నేను చేసింది. పోతపోసి మూడు వారాలైంది, ఇంకా వేలు పెడితే దిగబడుతుంది, హల్వా మాదిరి. ఇంట్లో గానుగ బుడ్డల నూనె ఉంది కదా అని మొత్తం దాంతోనే చేసినా. బుడ్డలంటే వేరుశనక్కాయలు, మా కర్నూలు మాట. కడపోళ్ళు చెనిక్కాయలంటారు, ఆ పంచాయితీ ఇప్పుడొద్దు.

మా అవ్వ దాన్ని చూసి ఒకటే నవ్వు. "నూనెతో ఒళ్ళు కడుక్కునేదేందిరా? మేం జిడ్డు పోవాలని కదా కడుక్కుంటిమి" అనింది. నవ్వినాక ఇంకో మాట అనింది: "మా కాలంలో సబ్బెందుకు, చౌడు లేదా?"

ఆ మాట పట్టుకున్నా నేను. సబ్బుకు కావాల్సింది నూనె, క్షారం, నీళ్ళు. క్షారం మన సీమ నేల మీదే తేలుతుంది. ఎండాకాలంలో భూమి లోపలి తడి పైకెక్కి ఆవిరైపోతే, దాంట్లో కరిగున్న సోడా తెల్లగా పైన మిగిలిపోతుంది. అదే చౌడు. ఆ నేలలో పంట సరిగ్గా రాదు, రైతు తిట్టుకుంటాడు. కానీ మన మట్టి మిద్దెల మీద పరిచేది ఆ చౌడే. దాంట్లోని సోడియం వల్ల మట్టి తడిస్తే మెత్తగా విడిపోయి సందులన్నీ పూడ్చేస్తుంది, వాన కిందికి దిగదు. మిద్దె మీదికెక్కిన మట్టే చాకిరేవుకూ పోయేది.

రెండోది సున్నం. బేతంచెర్ల నుంచి ఎర్రగుంట్ల దాకా ఎక్కడ చూసినా సున్నపురాయి, నాపరాయి. 1872లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త కడప, కర్నూలు రాళ్ళ మీదే పెద్ద గ్రంథం రాసినాడు. చౌడులోని సోడాకు తడి సున్నం కలిపితే వచ్చేది కాస్టిక్ సోడా. ఉత్తరాదిలో సజ్జిమట్టి, సున్నం, కొవ్వు కలిపి నాటు సబ్బు చేసేవాళ్ళు. అంటే సరుకంతా మన దగ్గరా ఉంది. మరి సబ్బు బిళ్ళ మన పల్లెల్లో ఎందుకు పుట్టలేదు?

ఒక కారణం, అవసరం పడలేదు. సున్నపురాయి నేలలో బావినీళ్ళు ఉప్పగా, గట్టిగా ఉంటాయి. ఆ నీళ్ళలోని కాల్షియం సబ్బును పట్టుకుని తెల్లటి జిగురు చేసేస్తుంది. నురగ రాదు, తలంతా బంక. మీ బోరునీళ్ళతో స్నానం చేస్తే తెలుస్తుంది, నేను చెప్పాల్సిన పనిలేదు. కుంకుడుకాయకు, సీకాయకు ఆ బాధ లేదు, వాటి నురగ అట్లా విరిగిపోదు. పైన ఇంత పెసరపిండి. ఈ నీళ్ళకు అదే సరైన లెక్క.

బట్టల సంగతి వేరు. చాకలోళ్ళు, ఇప్పుడు రజకులంటున్నాం, ఊరి మురికి బట్టలన్నీ చౌడు నీళ్ళలో తడిపి, బానకు పెట్టి ఆవిరికి ఉడికించి, వంకలో బండకేసి ఉతికేవాళ్ళు. ఏ చౌడు ఎంత ఘాటు, ఏ బట్టకు ఎంతసేపు అనేది తెలియకపోతే బట్ట చిరుగుతుంది. ఇది కెమిస్ట్రీ కాదా? దానికి దక్కింది కళ్ళంలో మేర గింజలు, సాయంత్రం ఇల్లిల్లూ తిరిగి తెచ్చుకునే కూడు. మా ఊళ్ళో ఉతికే ఆమె చేతులు ఎండాకాలం బీటలు పడిన చెరువు మాదిరి ఉండేవంట. అవ్వ ఇది చెప్పేటప్పుడు నవ్వలేదు. క్షారం చర్మం మీద నూనెను కూడా లాగేస్తుంది మరి. ఇప్పుడు మనం "స్కిన్‌కు మెత్తగా" అని వెతుక్కుంటున్నామే, ఆమె కోసం అట్లా ఎవరూ వెతకలేదు.

రెండో కారణం నూనె, నా హల్వా కథ కూడా ఇదే. 1888లో లీవర్ కంపెనీ సన్‌లైట్ సబ్బు పెట్టెలు కలకత్తా రేవులో దిగినాయి. 1914లో మద్రాసు ప్రభుత్వం కాలికట్టులో సబ్బు సంస్థ పెట్టింది. అప్పుడు మనమూ కాలికట్టూ ఒకే ప్రెసిడెన్సీ. 1917లో టాటా ఆయిల్ మిల్స్ పుట్టింది, దాని కొబ్బరి మిల్లు కొచ్చిన్ దగ్గర. రెండూ కొబ్బరి చెట్టు కిందే! కొబ్బరినూనెలో లారిక్ ఆమ్లం ఎక్కువ, అది సబ్బును గట్టిగా చేస్తుంది, నురగ ఇస్తుంది. బుడ్డల నూనెలో ఎక్కువగా ఉండేది ఓలిక్, లినోలిక్. ఒంటికి మంచివే, కానీ సబ్బు మెత్తగా ఉండిపోతుంది. పైగా బుడ్డలు మన పొలాలను కమ్మేసింది ఇరవయ్యో శతాబ్దంలోనే. అంతకుముందు ఆముదం, నువ్వులు, వాటితోనూ బిళ్ళ గట్టిపడదు. నూనెలోకి హైడ్రోజన్ ఎక్కించి గడ్డకట్టించే పద్ధతికి 1902లో జర్మనీలో నార్మన్ పేటెంట్ తీసుకున్నాడు. 1937లో వచ్చిన డాల్డాదీ అదే పద్ధతి. దానికి ఫ్యాక్టరీ కావాలి, గానుగతో అయ్యే పని కాదు.

విచిత్రం చూడండి, ఈరోజు కర్నూలు పక్కన గొందిపర్లలో టీజీవీ ఎస్‌ఆర్‌ఏఏసీ (పాత పేరు రాయలసీమ ఆల్కలీస్) వాళ్ళు కాస్టిక్ సోడా తయారు చేస్తున్నారు. చౌడుతో కాదు, ఉప్పునీళ్ళలో కరెంటు పంపి.

ఇక నా రెండో ప్రయత్నం. కొబ్బరినూనె 500 గ్రాములు, బుడ్డల నూనె 400, ఆముదం 100. ఈ నూనెలకు కాస్టిక్ సోడా 159 గ్రాముల దాకా పడుతుంది, నేను 150 వేసినా, నీళ్ళు 330. ఆ తగ్గించిన 9 గ్రాముల వల్ల కొంచెం నూనె సబ్బు కాకుండా మిగులుతుంది. గ్లిజరిన్ కూడా దాంట్లోనే ఉంటుంది. పెద్ద ఫ్యాక్టరీలు మామూలుగా దాన్ని విడదీసి అమ్ముకుంటాయి. ఒంటికి మెత్తదనం ఈ రెంటి వల్లే. జాగ్రత్త: సోడాను నీళ్ళలో వేయాలి, సోడా మీద నీళ్ళు పోయొద్దు, ఎగజిమ్ముతుంది. అల్యూమినియం గిన్నె వద్దే వద్దు. గ్లవుజులు, కళ్ళద్దాలు పెట్టుకోండి, చిన్నపిల్లల్ని దగ్గరికి రానీయొద్దు. తర్వాత ఆరు వారాలు నీడలో గాలికి ఆరబెట్టాలి.

ఇదిగో, నలభై రెండో రోజు. గోరు దిగడం లేదు. అవ్వకు ఇచ్చినా. బోరునీళ్ళతో చేతులు కడుక్కుని, కొంచెం వాసన చూసి, "బాగుంది. తలకు మాత్రం కుంకుడుకాయే" అనింది.