వెనక చక్రాన్ని వదలని డ్రమ్ము

1925 ఏప్రిల్‌లో ఫోర్డ్ కంపెనీ మోడల్ టి కారుకు వెనక తొట్టి బిగించి, 281 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. ఫ్యాక్టరీ నుంచే పికప్‌గా వచ్చిన తొలి ఫోర్డ్ అదే. బ్రేకు పెడల్ తొక్కితే గేర్ల దగ్గర ఒక పట్టీ బిగుసుకునేది. వెనక చక్రాల డ్రమ్ము బ్రేకులు పనిచేసేది చేతి లీవరు లాగినప్పుడే.

డ్రమ్ము అప్పటికే పాతది. 1902లో ఫ్రాన్స్‌లో లూయీ రెనో దానికి స్థిరమైన రూపమిచ్చాడు. అదే ఏడాది ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ డిస్క్ బ్రేకుకు పేటెంటు తీసుకున్నాడు. ఈడు ఒకటే అయినా డిస్క్ దశ తిరగడానికి యాభై ఏళ్లు పట్టింది. 1953లో లెమాన్ 24 గంటల పందెంలో డిస్క్ బ్రేకుల జాగ్వార్ గెలిచాకే లోకం దానివైపు చూసింది.

డ్రమ్ము అన్నాళ్లు నిలవడానికి కారణం దాని పొట్టలోనే ఉంది. 1960ల నాటి అమెరికన్ పికప్ వెనక చక్రం ఊడదీస్తే, పట్టేసిన పోత ఇనుప డ్రమ్ము సుత్తితో నాలుగు తడితే గానీ కదలదు. లోపల నెలవంకల్లా రెండు షూలు, పైన వీల్ సిలిండర్, కింద పళ్ల చక్రమున్న అడ్జస్టర్. ముందు షూకు లైనింగు పొట్టి, వెనక షూకు పొడుగు. తిరిగే డ్రమ్ము ముందు షూను తనతో ఈడ్చుకుపోతే, అది వెనక షూను నెట్టి మరింత బిగిస్తుంది. కాలు కొంత తొక్కితే మిగతా బలం చక్రమే ఇస్తుంది. లోపల పేరుకున్న నల్లటి పొడిని మాత్రం ఊదకూడదు, ఆనాటి లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది.

వేడెక్కితే డ్రమ్ము వ్యాకోచించి షూలకు దూరం జరుగుతుంది, పెడల్ లోతుకు దిగుతుంది. అందుకే 1971లో షెవర్లే తన పికప్‌ల ముందు చక్రాలకు డిస్కులు పెట్టింది. వెనక జోలికి పోలేదు. ఖాళీ బండిని ఆపితే బరువంతా ముందుకు ఒరుగుతుంది, తేలికైన వెనక చక్రాలు బిగుసుకుపోయి తోక పక్కకు జారుతుంది. అక్కడ కావలసింది అదుపు. 1987లో ఫోర్డ్ తన ఎఫ్-150 పికప్‌కు, చక్రాలు బిగుసుకుపోకుండా చూసే యాంటీ-లాక్‌ను వెనక మాత్రమే ఇచ్చింది ఇందుకే.

పాత బండి మీద మోజున్నవాళ్లు ఊరుకోలేదు. 1995 నుంచి ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్‌కు వెనక డిస్కులు రావడంతో, తమ పాత పికప్‌లకు బిగించుకోవడానికి పాత ఇనుము యార్డుల్లో దాని వెనక యాక్సిల్‌కు గిరాకీ పెరిగింది. మార్చడంలో ఒక మెలిక ఉంది. డ్రమ్ముల కోసం గొట్టాల్లో చదరపు అంగుళానికి సుమారు 10 పౌండ్ల ఒత్తిడి నిలిపే వాల్వు ఉంటుంది. దాన్ని అలాగే వదిలేస్తే పెడల్ మీద కాలు తీసినా డిస్కులు రాసుకుంటూనే ఉంటాయి. వాటికి 2 పౌండ్లు చాలు.

కంపెనీలూ ఒక మాట మీద నిలవలేదు. 1999లో వెనక డిస్కులతో వచ్చిన షెవర్లే సిల్వరాడో 1500, 2005కల్లా మళ్లీ డ్రమ్ములకు మళ్లింది. ఇక ఎక్స్‌ప్లోరర్ యాక్సిల్‌లో డిస్కు ఊడదీసి చూస్తే, నడుమ టోపీలాంటి గుంటలో రెండు చిన్న షూలు కనిపిస్తాయి. పార్కింగ్ బ్రేకు వేసినప్పుడు బండిని పట్టి ఉంచేది అవే.