మణికట్టు విచ్చుకునే వేళ – గోల్ఫ్ దెబ్బ వెనుక చరిత్ర



సూరత్‌లో చదువుకుంటున్న తెలుగు పిల్లలకు మగ్గం కొత్త కాదు. తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్ళిన పద్మశాలి కుటుంబాలు ఎన్నో ఆ నగరపు వస్త్ర పరిశ్రమలో స్థిరపడ్డాయి. మీ ఇంట్లో చేమగ్గం నేసిన తాతగారుంటే, నాడెను ఎలా విసిరేవారో ఒకసారి అడగండి. కాలితో తొక్కగానే పడుగు పోగులు రెండుగా విడిపోతాయి. ఆ సందు తెరుచుకున్న క్షణంలోనే తాడును ఒక్క విసురున లాగాలి. ముందు లాగినా, ఆలస్యమైనా నాడె పోగులకు తగులుతుంది. అంటే బలం ఒక్కటే చాలదు, వేళ కుదరాలి. ఈ సంగతి గోల్ఫ్ ఆటలోనూ నిజమే. దాని కారణం తెలియడానికి మాత్రం చాలా కాలం పట్టింది. ఆ కథను ఈ ప్రసంగంలో తెలుసుకుందాం.

ముందుగా సమస్య ఏమిటో చూద్దాం. గోల్ఫ్ ఆటగాడు కర్రను వెనక్కి ఎత్తి, కిందికి దించి బంతిని కొడతాడు. ఎత్తేటప్పుడు మణికట్టు మడత పడి, చేతికీ కర్రకూ మధ్య దాదాపు లంబకోణం ఏర్పడుతుంది. దించేటప్పుడు ఆ మడత విచ్చుకోవాలి. అయితే ఎప్పుడు?

గోల్ఫ్ స్కాట్లండ్‌లో పెరిగిన ఆట. ఆంగ్లేయులతో పాటు మన దేశానికి వచ్చింది. కలకత్తాలో 1829లోనే గోల్ఫ్ క్లబ్బు ఏర్పడింది. ఆ తరువాత చాలా కాలం పాటు కర్రల కాడలను హికరీ అనే చెట్టు కలపతో చేసేవారు. హికరీ కాడ దెబ్బ వేగానికి మెలి తిరిగేది. అందువల్ల ఆటగాడు చేతులతో, మణికట్టుతో లయ తప్పకుండా చూసుకోవలసి వచ్చేది. అమెరికా ఆటగాడు బాబీ జోన్స్ 1930లో ఒకే ఏడాది నాలుగు ప్రధాన పోటీలు గెలిచింది హికరీ కర్రలతోనే. అంతకు ముందు ఏడాది, 1929లో, బ్రిటన్‌లోని నియమాల సంస్థ ఉక్కు కాడలను అనుమతించింది. ఉక్కు అంతగా మెలి తిరగదు. దానితో ఆటగాళ్ళు కొట్టే తీరు కూడా క్రమంగా మారింది.

ఆ రోజుల్లో మణికట్టును గురించి చెప్పిందంతా అనుభవంతో చెప్పిందే. కన్ను ఆ వేగాన్ని అందుకోలేదు. 1938లో అమెరికా శాస్త్రవేత్త హెరాల్డ్ ఎడ్జర్టన్ వరుస మెరుపు దీపాలతో డెన్స్‌మోర్ షూట్ అనే ఆటగాడిని ఫోటో తీశారు. ఒకే చిత్రంలో కర్ర ఎన్నో స్థానాల్లో కనిపించింది. చేతులు చాలా దూరం దిగి వచ్చాక గానీ కర్ర వాటిని అందుకోవడం లేదు!

దీనికి కారణమేమిటి? 1968లో బ్రిటన్‌లో కోక్రన్, స్టాబ్స్ ప్రచురించిన గ్రంథం ఈ దెబ్బను జంట లోలకంగా వివరించింది. చేతులు ఒక లోలకం, కర్ర రెండవది, మణికట్టు వాటి మధ్య బందు. 1970లో అమెరికా భౌతికశాస్త్ర ఆచార్యుడు థియోడోర్ జార్గెన్సన్ దీనినే గణితంతో విశ్లేషించారు. చేలో పిట్టలను తోలే వడిసెలను తలచుకోండి. తిప్పుతుంటే రాయి బయటికి పోవాలని చూస్తుంది. అలాగే చేతులు తిరిగేకొద్దీ కర్ర తల బయటికి లాగుతుంది, మణికట్టు విచ్చుకుంటుంది. అప్పుడు చేతుల వేగం తగ్గి, ఆ శక్తి కర్రకు చేరుతుంది. తొందరపడి ముందే విప్పితే బంతిని చేరకముందే ఆ శక్తి చాలావరకు వృథా అవుతుంది.

ఇక్కడ ఒక లెక్క గమనించండి. కర్ర కిందికి దిగడానికి పట్టేది సుమారు పావు సెకను. కంటితో చూసి చేయి స్పందించడానికే సుమారు 0.2 సెకను కావాలి. కాబట్టి "ఇప్పుడు విప్పు" అని మెదడు ఆజ్ఞాపించే వ్యవధి లేదు. ఆ వేళ ముందే సాధనలో కుదరాలి.

మరి ఎత్తేటప్పుడు మణికట్టును ఎప్పుడు మడవాలి? జాక్ నిక్లాస్ చేతులనూ కర్రనూ కలిపి దూరంగా తీసుకుపోయి ఆలస్యంగా మడిచేవారు. నిక్ ఫాల్డో ముందే మడిచి సాధన చేసేవారు. రెండు పద్ధతులూ విజయాలిచ్చాయి.

అయితే ఇంత పని చేసే ఈ కీలు చాలా సున్నితమైనది. హైదరాబాద్ నుంచి అమెరికాకు వలస వెళ్ళిన తెలుగు కుటుంబంలో 1997లో పుట్టిన సాహిత్ తీగల కథ చూడండి. కళాశాల జట్టులో ఉండగా మణికట్టు గాయం వల్ల ఆయన 2018–19 సీజన్ అంతా ఆటకు దూరమయ్యారు. ఆ వయసులో ఒక ఏడాది పోవడం చిన్న విషయం కాదు. తిరిగి వచ్చి 2020లో అమెరికా కళాశాల గోల్ఫ్‌లోని మూడు ప్రధాన పురస్కారాలూ అందుకున్నారు. 2023 సెప్టెంబరులో కాలిఫోర్నియాలో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచారు. పీజీఏ టూర్‌లో ఆయనకది తొలి విజయం.

విద్యార్థులారా! రెండు స్కేళ్ళను దారంతో వదులుగా కలిపి ఊపి చూడండి. కింది స్కేలు ఎప్పుడు వేగం అందుకుంటుందో మీకే తెలుస్తుంది. మరమగ్గంలో నాడె కదిలే వేళను యంత్రం నిర్ణయిస్తుంది. మనిషి మణికట్టుకు ఆ వేళను నేర్పేది సాధన ఒక్కటే. తాతగారి చేతిని మరోసారి చూడండి. గ్రంథాలు 1968లో వివరించిన ఆ ఓపిక, వారి చేతికి మగ్గం ఏనాడో నేర్పింది.