పురుగుమందుల విషప్రభావం: కఠినమైన కేసులలో సహవైద్యుల సలహా

పత్తి, మిరప పంటలకు పేరొందిన గుంటూరు, ప్రకాశం మైదానాలలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకు ఎదురయ్యే కఠినమైన కేసులలో పురుగుమందుల విషప్రభావం ఒకటి. ఇట్టి కేసులలో మొదటి గంటలే కీలకమైనవి. విధులలో ఒక్కరే ఉన్న వైద్యులు సందేహం కలిగిన వెంటనే అనుభవజ్ఞుల సలహా పొందడం అవసరం.

సలహా ఎందుకు అవసరం?

మోనోక్రోటోఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్ మందుల ప్రభావానికి గురైన వారికి అట్రోపిన్‌తో పాటు ఆక్సిజన్ అవసరమగును. కలుపుమందు పారాక్వాట్‌కు విరుగుడు లేదు; అవసరం లేకుండా ఆక్సిజన్ ఇచ్చినచో ఊపిరితిత్తులకు హాని పెరుగును. ఆర్గానోఫాస్ఫేట్ కేసులలో కోలుకున్నట్లు కనిపించిన రోగికి సైతం 1 నుండి 4 రోజులలోపు మెడ, శ్వాస కండరాలు బలహీనపడే ప్రమాదమున్నది. కావున రోగిని ఇంటికి పంపే ముందు కూడా సలహా తీసుకొనడం మేలు.

సలహా పొందే మార్గాలు

* గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, ఒంగోలు ప్రభుత్వ బోధనాసుపత్రులలోని జనరల్ మెడిసిన్, మత్తు వైద్య విభాగాలు.
* న్యూఢిల్లీ ఎయిమ్స్‌లో 1995లో ఏర్పాటైన జాతీయ విష సమాచార కేంద్రం. టోల్ ఫ్రీ నంబరు 1800-116-117.
* వైద్యుని నుండి వైద్యునికి సలహా అందించే ఈ-సంజీవని. 2019 నవంబరులో దేశంలో తొలుత ఆంధ్రప్రదేశ్‌లో ఇది అమలులోకి వచ్చినది.

తెలుపవలసిన వివరాలు

డబ్బాపై ముద్రించిన సాంకేతిక నామం, శరీరంలో ప్రవేశించిన మార్గం, పరిమాణం, గడచిన సమయం, నాడి, రక్తపోటు, శ్వాస, కంటిపాపల స్థితి, అంతవరకు ఇచ్చిన మందుల మోతాదు తెలుపవలెను. వ్యాపార నామం మాత్రమే చెప్పినచో పొరపాటుకు అవకాశమున్నది. అందువలన ఖాళీ డబ్బాను లేదా దాని లేబులును వెంట తీసుకురావలసినదిగా బంధువులకు సూచించవలెను.

బాధ్యత ఎవరిది?

సందేహాస్పదమైన, కఠినమైన పరిస్థితులలో ఇతర వైద్యులను సంప్రదించవలెనని భారత వైద్య మండలి 2002 నాటి వృత్తి ప్రవర్తనా నిబంధనలు పేర్కొన్నవి. సలహా కోరిన వైద్యుడే చికిత్సకు బాధ్యుడని 2020 మార్చి 25 నాటి టెలిమెడిసిన్ మార్గదర్శకాలు స్పష్టం చేసినవి. కావున సలహాను, అది అందిన సమయాన్ని కేసు షీటులో నమోదు చేయవలెను.

సలహా కొరకు వేచి ఉండి ప్రథమ చికిత్సను గాని, 108 వాహనంలో తరలింపును గాని ఆలస్యం చేయరాదు.