పరిహాసము

పరిహాసమను మాట మన యిండ్లలో నిత్యము వినబడునదే. హస ధాతువునకు ‘పరి’ యను నుపసర్గము చేరుటచే నేర్పడిన యీ సంస్కృతపదమునకు తెలుగున మేలము, ఎకసక్కెము, పరాచికము, వేళాకోళము, ఎగతాళి యని పెక్కు మాటలు గలవు. నిఘంటువులు వీనిలో నొకదాని కింకొకటి యర్థముగా జూపినను వాడుక యందుల కొప్పుకొనదు. బావమఱదుల నడుమ జరుగునది పరాచికము. కాలుజాఱి పడినవానిని జూచి చేయునది యెగతాళి. మొదటిదానియం దిరువురును నవ్వుదురు. రెండవదానియం దొక్కడే నవ్వును. పరిహాసపదము మాత్రము రెండింటిని తన కొంగుక్రింద దాచుకొనును. అందువలన నది పెక్కుమారు లాడినవానికి దాగుచోటైనది.

ఇందులకు మంచి దృష్టాంతము కాళిదాసుని శాకుంతలముననే యున్నది. ద్వితీయాంకమున దుష్యంతుడు శకుంతలపై దనకు గల యనురాగమును విదూషకునితో జెప్పుకొనును. పిమ్మట వానిని నగరమునకు బంపవలసి వచ్చినప్పుడు, వాచాలుడగు వీడు అంతఃపురమున నీ మాట పొక్కించునేమో యని భయపడి, తానన్నది పరిహాసమేకాని నిజము గాదని నమ్మబలుకును. పాపము, వాడు నమ్మెను. ఆఱవయంకమున రాజు పశ్చాత్తప్తుడై, నీవైన నాకేల జ్ఞాపకము చేయవైతివని యడుగగా, పరిహాసమని మీరే సెలవిచ్చితిరిగదా యని వాడు బదులుచెప్పును. ఈ ఘట్టమును మనము చిఱునవ్వుతో జదివి దాటిపోవుదుము. కాని విచారించి చూడుడు. నిజమునకు పరిహాసమని పేరుపెట్టిన రాజు అప్పటికి దప్పించుకొనెను. రాజునకు గుర్తుచేయగలిగినవాడు నోరు మెదపకుండెను. దాని ఫల మనుభవించినది శకుంతల. క్రొత్తకోడలిని పదిమందిలో జిన్నబుచ్చి, ఆమె కంట నీరు పెట్టగనే, “పరిహాసమున కన్నాము, ఇంతమాత్రమునకే యేడ్వవలెనా?” యనువారు దుష్యంతుని యుపాయమునే యవలంబించుచున్నారు. అన్నవారి తప్పు పోయి, నవ్వు తెలియకపోవుట యామె తప్పగుచున్నది.

నవ్వునకు హెచ్చుతగ్గులు మనవారు పూర్వమే యేర్పఱచిరి. భరతుని నాట్యశాస్త్రమున స్మితము, హసితము ఉత్తములకును, విహసితము, ఉపహసితము మధ్యములకును, అపహసితము, అతిహసితము అధములకును జెప్పబడినవి. హాస్యరసము స్త్రీలయందును నీచప్రకృతులయందును మిక్కిలిగా గానవచ్చునని యా గ్రంథమే చెప్పుచున్నది. చిత్రమేమనగా, మన యాడుపిల్లలకు మాత్రము ‘నవ్వు నాలుగు విధాల చేటు’ అను సామెత యుగ్గుబాలతోడనే నేర్పబడుచు వచ్చినది!

ఈ నవ్వును బలవంతులమీదికి మరల్చినవారిలో కందుకూరి వీరేశలింగముపంతులుగారు ముఖ్యులు. 1874వ సంవత్సరమున వివేకవర్ధనిని స్థాపించి, 1876వ సంవత్సరమున హాస్యసంజీవనిని దానికి జోడించి, ప్రహసనములు వ్రాసిరి. ప్రహసనమును హస ధాతువునుండి పుట్టినదే. అంతవఱకు ముసలిమగని ప్రక్కనున్న బాలభార్యను జూచి నవ్విన లోకము బ్రాహ్మవివాహమును జదివి, పెండ్లికి సిద్ధపడిన ముసలివానినే చూచి నవ్వవలసివచ్చెను. ఆ నవ్వు కొన్నియెడల మొఱటుగా నున్నదను నాక్షేపణము నిజమే. అయిన నేమి? మెత్తగా జెప్పిన వినువారికి బంతులుగారు మెత్తగానే చెప్పియుందురు.

గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1892వ సంవత్సరమున బ్రదర్శింపబడి, 1897వ సంవత్సరమున నచ్చుపడి, 1909వ సంవత్సరమున దిరిగి వ్రాయబడినది. అందు పరిహాసముయొక్క రెండు ముఖములును గలవు. గిరీశము మాటలలో నేది నిజమో యేది వేళాకోళమో తెలిసికొను నుపాయము, బాలవితంతువగు బుచ్చమ్మకు లేదు. అతని బలమంతయు నందే యున్నది. మధురవాణి మేల మట్టిది కాదు. వేశ్యయయ్యు నామె తన్ను బోషించు రామప్పపంతులునే యెదుట నిలిచి మేలమాడును. పోషించువాడు తానే యైనను పంతులు సరియైన బదులు చెప్పలేక మీసము దువ్వుకొనవలసినదే.