ఇంగ్లీష్ కార్నర్

ఇంగ్లీష్ మాట్లాడటం అలవాటు చేసుకోవాలనుకునేవాళ్లు వారంలో ఒక పూట పార్కులోనో, విశ్వవిద్యాలయం ఆవరణలోనో చేరి, విదేశీయులు దొరికితే వాళ్లతో, దొరక్కపోతే తమలో తాము ఇంగ్లీష్‌లో కబుర్లాడుకుంటారు. ఈ బహిరంగ కూడికలను చైనాలో ఇంగ్లీష్ కార్నర్లు అంటారు. వీటికి ఫీజు లేదు, హాజరుపట్టీ లేదు, మాస్టారు లేరు. 1970ల చివర షాంఘైలో మొదలై 1980లలో పెద్ద నగరాలన్నిటికీ పాకాయి. హైదరాబాద్‌లో స్పోకెన్ ఇంగ్లీష్ వేరే దారి పట్టింది. కార్నర్ తరహాలో నేర్చుకోవడం ఇక్కడ చూడాలంటే ఫిల్మ్‌నగర్ సినిమా సెట్ల మీద చూడాలి. అక్కడ నేర్చుకునేది ఇంగ్లీష్ కాదు, తెలుగు.

పుట్టుక

1950లలో చైనా బడుల్లో ప్రధాన విదేశీ భాష రష్యన్. సోవియట్ యూనియన్‌తో చెడ్డాక ఇంగ్లీష్ కాస్త పుంజుకుంది గానీ, 1966లో సాంస్కృతిక విప్లవం మొదలై కాలేజీ చదువులే స్తంభించిపోయాయి. విదేశీ రేడియో విన్నా, విదేశీయుడితో మాట కలిపినా అనుమానం మీద పడే రోజులవి. 1977 డిసెంబరులో విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్షను మళ్లీ పెట్టారు. ఏడాది తిరిగేసరికి డెంగ్ జియావోపింగ్ సంస్కరణలు వచ్చాయి, 1979 జనవరి 1న అమెరికాతో దౌత్య సంబంధాలు ఏర్పడ్డాయి. అప్పటిదాకా తలుపులు వేసుకుని చదువుకున్న ఇంగ్లీష్‌ను నలుగురిలో పలికి చూసుకునే ధైర్యం జనానికి వచ్చింది.

షాంఘై పీపుల్స్ పార్కులో ఆదివారం పూట చేరిన గుంపును తొలి కార్నర్లలో ఒకటిగా చెబుతారు. విదేశీయుల పెత్తనం నడిచిన కాలంలో అది గుర్రప్పందేల మైదానం. 1952లో పార్కు అయింది. 1982 జనవరిలో బీబీసీ తయారుచేసిన ‘ఫాలో మీ’ పాఠాలు చైనా ప్రభుత్వ టెలివిజన్‌లో మొదలై కోట్ల మందిని తెర ముందు కూర్చోబెట్టాయి. వ్యాఖ్యాత క్యాథీ ఫ్లవర్ ఇంటింటికీ తెలిసిన మనిషి అయింది. అయితే టీవీ చెప్పగలదే గానీ, మనం చెప్పింది వినలేదు. ఆ వినే పని కార్నర్ చేసింది.

పరీక్షల పద్ధతి కూడా కార్నర్లకు జనాన్ని తోలింది. కాలేజీ విద్యార్థులకు 1987లో జాతీయ స్థాయి ఇంగ్లీష్ పరీక్ష వచ్చింది. మౌఖిక పరీక్షను విడిగా చేర్చింది మాత్రం 1999లో. చదవడం, రాయడం వచ్చి నోరు పెగలని ఆ చదువుకు చైనీయులే మూగ ఇంగ్లీష్ అని పేరు పెట్టుకున్నారు. వేల మాటలు కంఠస్థం చేసిన విద్యార్థి ఎదుటి మనిషి ప్రశ్న అడిగేసరికి నీళ్లు నమిలేవాడు. ఆ బాధ మన తెలుగు మీడియం పిల్లలకు విడమరిచి చెప్పనక్కర్లేదు.

నడిచే తీరు

బీజింగ్‌లో రెన్మిన్ విశ్వవిద్యాలయం ఆవరణలో శుక్రవారం రాత్రి జరిగే కార్నర్ బాగా పేరుపడింది. పర్పుల్ బాంబూ పార్కులోనూ, హాంగ్‌ఝౌ పశ్చిమ సరస్సు గట్టునా కూడా ఇలాగే చేరేవారు. విద్యార్థులు, గుమాస్తాలు, రిటైరైన ఇంజనీర్లు, బడిపిల్లల్ని వెంటబెట్టుకొచ్చిన తల్లులు అంతా నిలబడే మాట్లాడేవారు. విదేశీయుడు కనబడగానే చుట్టూ వలయం కట్టేది. మీది ఏ దేశం, చైనా నచ్చిందా, పుల్లలతో తినడం వచ్చా, జీతం ఎంత: అందరూ అడిగేవి ఇవే. వచ్చిన అతిథికి విసుగు పుట్టినా, అడిగేవాడికి ప్రతిసారీ అది గెలుపే.

విదేశీయులు ఎప్పుడూ కొద్దిమందే. అందుచేత ఎక్కువ మాటలు చైనీయుల మధ్యే నడిచాయి. కార్నర్ సాధించిన పెద్ద పని అదేనని చెప్పాలి. ముక్కూ మొహం తెలియని ఇద్దరు పరభాషలో పలకరించుకుని, ఉద్యోగం, పెళ్లి, ఒక్కోసారి రాజకీయం దాకా వెళ్లేవారు. ఎవరి తప్పును ఎవరూ లెక్కపెట్టలేదు. వినేవాడికీ అంతే వచ్చు మరి.

1990లలో ఈ ఆకలి వ్యాపారమైంది. యు మిన్‌హాంగ్ 1993లో స్థాపించిన న్యూ ఓరియంటల్ కోచింగ్ సంస్థ మహా సంస్థగా ఎదిగింది. లీ యాంగ్ ‘క్రేజీ ఇంగ్లీష్’ పేరుతో స్టేడియంలు నింపి, వేలమంది చేత ఒక్క గొంతుతో వాక్యాలు అరిపించాడు. దాని మీద ఝాంగ్ యువాన్ 1999లో డాక్యుమెంటరీ తీశాడు. తర్వాత విదేశీ ప్రయాణాలు, ఇంటర్నెట్, ఫోన్‌లోనే మాట్లాడించే యాప్‌లు వచ్చి పార్కు అవసరాన్ని తగ్గించాయి. కోవిడ్ కాలంలో విశ్వవిద్యాలయాల గేట్లు బయటివాళ్లకు మూసుకుపోయాయి. షాంఘై పీపుల్స్ పార్కు ఇప్పుడు, పిల్లల పెళ్లి వివరాలు కాగితాల మీద రాసి గొడుగులకు తగిలించే తల్లిదండ్రుల సంతగా ఎక్కువ ప్రసిద్ధం.

హైదరాబాద్‌లో

ఇంగ్లీష్ బోధనకు దేశంలోనే పెద్ద సంస్థల్లో ఒకటి హైదరాబాద్‌లోనే ఉంది. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్‌గా మొదలై, 1972లో విదేశీ భాషలనూ కలుపుకుని, 2007లో ఇఫ్లూ పేరుతో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. మామూలు జనం మాత్రం దోమలగూడ రామకృష్ణ మఠం తరగతులకో, అమీర్‌పేట కోచింగ్ సెంటర్లకో, తెలుగులో అచ్చయిన ర్యాపిడెక్స్ పుస్తకానికో వెళ్లారు. ఐటీ కంపెనీలతో పాటు టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బులూ విస్తరించాయి. 1924లో కాలిఫోర్నియాలో పుట్టిన ఆ పద్ధతిలో వక్త ఎన్నిసార్లు ‘ఆ’, ‘ఊ’ అన్నాడో లెక్కపెట్టడానికే ఒక మనిషి ఉంటాడు. మంచి శిక్షణే, కానీ బెరుకు ఉన్నవాడికి తొలి మెట్టు కాలేదు. జూబ్లీహిల్స్‌కు కూతవేటు దూరంలో, బంజారాహిల్స్‌లో 2010లో తెరిచిన లామకాన్‌లో చాయ్, సమోసాల మధ్య ఎవరైనా కూర్చుని మాట్లాడుకోవచ్చు. ఊళ్లో కార్నర్ స్వభావం ఉన్న బహిరంగ స్థలం అంటే ముందు గుర్తొచ్చేది అదే.

మద్రాసు నుంచి తెలుగు సినిమా తరలివచ్చి, 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ తలుపులు తెరిచాక ఈ కొండల మీద మరో రకం భాషాభ్యాసం స్థిరపడింది. ముంబై, బెంగళూరు, కేరళల నుంచి వచ్చే కథానాయికలకు డైలాగులు హిందీ లిపిలోనో ఇంగ్లీష్ అక్షరాల్లోనో రాసిస్తారు. కెమెరా పక్కన నిలబడి అసిస్టెంట్ డైరెక్టర్ ప్రాంప్టింగ్ అందిస్తాడు. పెదవులు కలిస్తే చాలు, గొంతు డబ్బింగ్ థియేటర్‌లో ఇంకొకరు ఇస్తారు. ‘ఏ మాయ చేసావె’ (2010)లో సమంతకు చిన్మయి గొంతు అలాగే అమరింది. ఈ ఏర్పాటు వల్ల తెలుగు రాకుండానే ఏళ్లపాటు తెలుగు తెరను ఏలవచ్చు.

అయినా కొందరు నేర్చుకుంటారు. ‘మహానటి’ (2018)లో కీర్తి సురేష్, సమంత ఇద్దరూ తమ పాత్రలకు తామే డబ్బింగ్ చెప్పుకున్నారు. ఇలాంటి తెలుగు క్లాసులో కంటే షాట్‌కూ షాట్‌కూ మధ్య మేకప్, కాస్ట్యూమ్స్, ప్రొడక్షన్ వాళ్లతో ఆడే మాటల్లో ఎక్కువగా పట్టుబడుతుంది. చైనాలో ఊరివాళ్లు అతిథి భాష కోసం పార్కుకు వెళ్లారు. ఇక్కడ అతిథులు ఊరి భాష నేర్చుకుంటున్నారు, నేర్పేవాళ్లు మాత్రం ఏ టైటిల్స్‌లోనూ భాషా గురువులుగా కనిపించని యూనిట్ మనుషులు.